ఉలవలు తొక్కిన ఎర్ర కారు

బెంగళూరు నుంచి మా తాడిపత్రికి కారులో రావడానికి ఒక పూట చాలు. ఈ దారిన ఎప్పుడూ రానివాళ్లను ఊరించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. బండల గుట్టలు, ఎర్రనేల, రోడ్డు పక్కన కానుగ చెట్లు, నీళ్లు లేని చెరువు కట్టలు. శివరాత్రికి ముందయితే గాలి మాత్రం హాయిగా ఉంటుంది. ఆ పూట ప్రయాణాన్ని నేనూ మా మామా రెండు రోజులు చేశాం. తిరిగొచ్చి చాలా నెలలయింది. ఇంట్లో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ నేను లేచి బయటికి పోతాను. నోటితో చెప్పలేకపోతున్నాను కాబట్టి రాసి చూద్దామని కూర్చున్నాను.

బయల్దేరే ముందు

మాది తాడిపత్రి బజారులో పప్పులు, ధాన్యాల అంగడి. నాకు ఇరవై నాలుగేళ్లు. లైసెన్సు చేతికొచ్చి ఏడాది దాటింది, అంతవరకు నేను నడిపింది అంగడి సామాను ఆటో ఒక్కటే. మూటలేసుకొని ముప్పై మీద పోయే ఆ ఆటో స్టీరింగు పట్టుకొని నేను కలలు కన్నది మాత్రం రెండు తలుపుల స్పోర్ట్స్ కారు గురించి. స్నేహితులు సినిమాలకు, షికార్లకు పోయినప్పుడు నేను అంగట్లో నాయన ఇచ్చే జీతం దాచుకున్నాను. బెంగళూరులో ఒకాయన వాడిన ఎర్ర కారు అమ్ముతున్నాడని ఫోన్లో ఫొటోలు చూశాక నాకు ఇక కాలు నిలవలేదు. కొత్త చిన్నకారు ధరకే వస్తోంది.

మా నాయన ఫొటో చూసి ఫోను నాకిచ్చేశాడు.

"కొనుక్కో. నీ దుడ్లు, నీ ఇష్టం. ఒకటి మాత్రం విను. అది దాని కాళ్ల మీద అది నడిచొచ్చి మన అంగడి ముందర నిలబడాల. తాడు కట్టి లాక్కొనొచ్చినావంటే ఆ వారంలోనే అమ్మేయాల. మల్ల ఏడ్చేదానికి లేదు."

ఆయన మాటలో కక్ష లేదు. నా చిన్నప్పుడు ఆయన వాడిన లారీ ఒకటి కొన్నాడు. అది ఇంటికి ఎప్పుడొచ్చినా ఇంకో బండికి కట్టే వచ్చేది. వాడిన బండి అంటే ఆయనకు గుర్తొచ్చేది ఆ తాడే. నేను సరేనన్నాను. సాక్షిగా మా అమ్మ తమ్ముడు వెంకటేశు మామను నా వెంట పంపించారు. మామకు గుత్తిలో బట్టల అంగడి ఉంది. మనిషి భారీ, నోరు అంతకన్నా భారీ.

బెంగళూరు

అమ్మే ఆయన పేరు మంజునాథ్. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద ఉంటాడు. మేము పోయేసరికి అపార్ట్‌మెంటు కింద కారు కడుగుతున్నాడు. కడిగిన చోటే మళ్లీ కడుగుతున్నాడు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే పైన వరండాలో నిలబడిన భార్యను చూపించాడు. ఆమె నిండు గర్భిణి.

"ఇద్దరే పడతారు ఇందులో. మేము ముగ్గురమవుతున్నాము" అన్నాడు. ఆయన తెలుగులో కన్నడ యాస తీయగా ఉంది.

తాళం నా చేతికిచ్చి కూడా కొసను వేలితో పట్టుకొనే మాట్లాడాడు. గుంతలు చూసుకోమన్నాడు. గాలి ప్రతి వారం చూపించమన్నాడు. కారు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి స్పీడు బ్రేకరు వస్తే పక్కవాళ్లను దింపి, వంకరగా ఎక్కించమన్నాడు. చివర్లో గొంతు తగ్గించి ఇంకొకటి చెప్పాడు.

"బాగా నడిపి ఆపినాక ఎండు గడ్డి మీద మాత్రం నిలపొద్దు. కింద పొగగొట్టం నిప్పులాగుంటుంది."

మామ పగలబడి నవ్వాడు. "మా పక్క గడ్డి యాడుండాది సామీ? ఆవులకే లేదు."

నేనూ నవ్వాను. మంజునాథ్ కూడా మర్యాదకు నవ్వి తాళం వదిలేశాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

బయల్దేరే ముందు దగ్గర్లోనే టిఫిను చేశాం. నిలబడి తినే హోటలు. ఒక్క మసాలా దోసె నూరు రూపాయలు. మామ చట్నీ మళ్లీ అడిగితే వడ్డించే అతను గిన్నె వైపు, మామ వైపు ఒకసారి చూసి అర గరిటె వేశాడు. మా గుత్తిలో చట్నీ అడగాల్సిన పని లేదు, వద్దు వద్దు అని చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. మామ ఆ అర గరిటె చట్నీని చిక్కబళ్లాపురం దాటేదాకా తిట్టాడు.

పెనుకొండ దగ్గర

హైవే ఎక్కాక ఒక అరగంట నేను బతికున్నన్నాళ్లు మరచిపోను. రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. కాలు కొంచెం నొక్కితే చాలు, కారు వెనకనుంచి ఎవరో తోసినట్టు ముందుకు పోతోంది. అద్దం దించితే ఇంజను చప్పుడు ఒళ్లంతా తెలిసింది. ఇన్నేళ్లు దాచుకున్న డబ్బు ఆ అరగంటకే చెల్లిపోయిందనిపించింది. ఎక్కువ వేగం పోలేదు, పోవాలనిపించనూ లేదు. ఆ చప్పుడు వింటే చాలనిపించింది.

మామ మోకాళ్లు మాత్రం గడ్డం దగ్గరికి వచ్చాయి. "అల్లుడూ, ఇది కూర్చునే బండి కాదురా, పండుకునే బండి" అన్నాడు.

టీ తాగుదామని పెనుకొండ దగ్గర హైవే దిగి ఊళ్లోకి తిప్పాను. మొదటి స్పీడు బ్రేకరు అక్కడే తగిలింది. మామను దించాను. అది దాటి ఎక్కించుకున్నాను. పది బారల దూరంలో ఇంకొకటి. మళ్లీ దించాను. మూడోదానికి మామ దిగి, ఎక్కనని మొండికేసి, టీ అంగడి దాకా కారు ముందర నడిచాడు. నేను వెనకాల మెల్లగా పోనిచ్చాను. చూసినవాళ్లు ఊరేగింపు అనుకొని పక్కకు జరిగారు.

టీ అంగడి ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"ఎన్ని మూటలు పడతాయప్పా దీంట్లో?"

"రెండు పడతాయి" అన్నాడు మామ. "ఒకటి నేను, ఒకటి వాడు."

ఆమె నవ్వలేదు. "మరి దేనికి కొన్నట్టు?" అని నన్నే అడిగింది. నేను టీ గ్లాసు అందుకున్నాను. టీ పది రూపాయలు, బాగుంది. ఆ ప్రశ్న మాత్రం ఆ రోజంతా నా వెంటే వచ్చింది. పెట్రోలు బంకులో అడిగారు, టోలు గేటు దగ్గర అడిగారు. బెంగళూరులో ఈ కారును చూసినవాళ్లు ఫొటో తీసుకున్నారు. మా జిల్లాలోకి వచ్చాక చూసినవాళ్లంతా ఇది దేనికి పనికొస్తుందని అడిగారు.

అనంతపురం

రాత్రికి మామ వదిన గారింట్లో ఉన్నాం, ఆమె నాకు అత్త వరస. వాళ్లు మా కోసం ఓళిగలు చేశారు. బొబ్బట్లనే మా పక్క ఓళిగలంటాం. పలుచగా, అరచెయ్యంత కాదు, కంచమంత. మీద నెయ్యి. మామ వరసగా తింటుంటే రేపు ఈయన్ను దించి ఎక్కించడం ఇంకా కష్టమని నాకు భయమేసింది.

పొద్దున్నే అత్త కారుకు పూజ చేసింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది, టెంకాయ కొట్టింది, ముందర బంపరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చిన దారం కట్టింది. ఏ బండికైనా కట్టేదే. ఈ కారుకు మాత్రం అది నేలకు తగిలింది. వీధి మలుపు తిరగకముందే మిరపకాయలు రోడ్డుకు రాసుకొని అరిగిపోయాయి. అత్త గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఇంత కిందుంటే దేవుడు యాడ పట్టుకుంటాడప్పా" అంది. మామ నవ్వాడు గానీ, ఆమె ముఖంలో దిగులు చూసి నాకు నవ్వు రాలేదు.

అనంతపురం నుంచి తాడిపత్రికి శింగనమల మీదుగా తిన్నటి దారి ఉంది. ఆ దారిన పోయి ఉంటే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేవాళ్లం, కారు ఈ రోజుకీ మా అంగడి ముందర ఉండేది. మామ మాత్రం గుత్తి పోదామన్నాడు. నిన్నంతా తిట్టిన కారును ఇప్పుడు తన బజారులో అందరికీ చూపించాలని ఆయనకు మనసైంది. నాకూ చూపించాలనే ఉంది.

గుత్తి

గుత్తి బజారులో మామ అంగడి ముందు కారు ఆపగానే వ్యాపారాలు ఆగాయి. ఒక్కొక్కరూ వచ్చి కూర్చొని చూశారు. కూర్చున్నవాళ్లను పైకి లేపడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. నిన్న పండుకునే బండి అన్న మామ, ఈ రోజు "మా అల్లుడిది. వాని చెమట దుడ్లతో కొన్నాడు. కొండ మీది కోటకైనా ఎక్కుతాది" అని అందరికీ చెబుతున్నాడు. చిన్నప్పటినుంచి మామ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి నీళ్లు పిండేసి ఉల్లిపాయలు, పుట్నాల పొడితో కలిపి చేసే ఉగ్గాని ఈ పక్క ఊళ్లల్లో ఒక ఊళ్లో ఉన్నట్టు ఇంకో ఊళ్లో ఉండదు. గుత్తిలో కొంచెం పులుపు ఎక్కువ. ప్లేటు ముప్పై రూపాయలు. చట్నీ అడగకుండానే మూడు సార్లు వచ్చింది. మామ బెంగళూరు వైపు తిరిగి దండం పెట్టాడు.

యాడికి దారి

గుత్తి నుంచి యాడికి మీదుగా తాడిపత్రికి బయల్దేరాం. ఇది చిన్న రోడ్డు. ఆ యేడు వానలు ముందర మొహం చాటేసి, ఆఖర్న ఒకటి పడ్డాయి. అలాంటి యేడు మా పక్క బుడ్డలు, అంటే వేరుశనగ, పోతాయి. పోయిన చేలల్లో ఆఖరి తడికి ఉలవలు చల్లుతారు. చలికాలం దాటాక కాయలతో సహా తీగ పీకి ఎండబెడతారు. దాన్ని నలపడానికి ఎద్దులు లేవు, కూలీలు దొరకరు. అందుకని రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కుతాయి.

ఇది మీ ఊళ్లల్లో ఉందో లేదో నాకు తెలియదు. బెంగళూరు బండ్లవాళ్లు హారన్ కొట్టి తిట్టుకుంటూ పోతారు. మేము మాత్రం రోడ్డు మీద పంట కనిపిస్తే వేగం తగ్గించి మీదనే పోతాం. పక్కనుంచి తప్పించుకొని పోవడం పిలిచిన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా రావడం లాంటిది. నేను మూటల ఆటోతో ఎన్నో సార్లు తొక్కించాను. అది గడ్డి అని నాకు ఒక్కసారీ తట్టలేదు. అది పంట.

యాడికి ఇంకా కొంత దూరముందనగా ఒక పల్లె దాటాం. అక్కడి స్పీడు బ్రేకరు దగ్గర దిగిన మామ నడుచుకుంటూ ముందుకు పోయాడు. కొంచెం అవతల రోడ్డు నిండా ఉలవ తీగ పరిచి ఉంది. ఒక ఆమె కట్టెతో తిరగేస్తోంది. నేను పోయేసరికి మామ అప్పుడే ఆమెతో మాటల్లో పడ్డాడు. ఆమె పేరు లింగమ్మ. చెట్టు కింద గోనెసంచులు సర్దుతున్న ఆయన ఆమె భర్త ఓబుళేసు.

"ఇదేందప్పా, కారు నేలను నాకతాండాది!" అని లింగమ్మ నోరు నొక్కుకొని నవ్వింది. "నిలబెట్టినావేం? మీదనే రా."

"కింద తగులుతాదేమో అక్కా."

"మెత్తగుండాది, ఏమీ కాదు. ఈ పొద్దు బండ్లే రాలేదు. ఎప్పుడు నలగాల ఇది?"

"పోనీరా అల్లుడూ, మంచిది" అన్నాడు మామ.

మెల్లగా మీదకు పోనిచ్చాను. కింద కాయలు చిటపటమన్నాయి. అవతలి కొసకు పోయి ఆపితే లింగమ్మ వంగి ఒక గుప్పెడు తీసి ఊదింది. అరచేతిలో నల్లటి గింజలు మిగిలాయి.

"ఇదో, ఈడ చూడు" అని భర్తను కేకేసింది. "లారీ తొక్కితే గింజ పగులుతాది. ఇది గింజ పగలకుండా పొట్టు మాత్రం రాలుస్తాండాది. ఇత్తనానికి ఇట్లే కావాల. నాయనా, ఇంగొక తూరి రా."

రెండు రోజులుగా అందరూ అడిగిన ప్రశ్నకు ఎవరో నా తరఫున జవాబు చెప్పినట్టయింది. నా కారు ఒకందుకు పనికొచ్చింది. నేను వెనక్కి పోయాను, ముందుకు వచ్చాను. మళ్లీ వెనక్కి. లింగమ్మ పక్కన నడుస్తూ తీగ చక్రాల కిందికి తోస్తోంది. ఆమె చెప్పింది, అవి ఆమె అత్త ఇచ్చిన నల్ల ఉలవలట. ఒక్క వానకు కాస్తాయట. బుడ్డలన్నీ పోయాయి, ఆ యేడు ఇంటికి ఇవే. మా అంగట్లో కూడా ఉలవలు ఉంటాయని నేను అన్నాను. "అవి తినేదానికప్పా. ఈ మాదిరివి దొరకవు" అంది మామూలుగా.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఓబుళేసు భోజనానికి పిలిచాడు. కారు పక్కకు తీస్తానంటే, "ఉండనీలే, తిన్నాక ఇంగ రెండు తూర్లు తొక్కిద్దువు" అన్నాడు. ఉన్నచోటే, ఉలవ తీగ మధ్యలో, ఆపి దిగాను. బెంగళూరాయన మాట నాకు గుర్తు రాలేదు. ఇక్కడ గడ్డి ఎక్కడుంది?

కానుగ నీడలో సంగటి, ఉలవకట్టు, పచ్చి ఉల్లిపాయ పెట్టారు. ఉలవలు ఉడికించిన నీళ్లను చింతపండు, మిరపకాయ వేసి కాచితే అదే ఉలవకట్టు. ఓళిగల కన్నా బాగుందని మామ ఒప్పుకున్నాడు. నేను రెండో ముద్ద అడిగాను.

ముందు పొగ కనపడలేదు. వాసన వచ్చింది. వేయించిన ఉలవల వాసన, కమ్మగా. నాకు నోరూరింది. "ఎవరో ఉలవలు వేయిస్తాండారు" అన్నాడు మామ కూడా. ఓబుళేసు తల తిప్పి చూసి, చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తాడు.

కారు కింద తీగ అంటుకుంది. మంట ఎండలో కనపడటం లేదు, గాలి మాత్రం వణుకుతోంది. వాళ్ల దగ్గర ఉన్నవి రెండు బిందెల నీళ్లు, ఊళ్లోంచి మోసుకొచ్చుకున్నవి. నేను "కారు! నా కారు!" అని అరిచాను. లింగమ్మ ఒక బిందె ఎత్తుకొచ్చి కారు కింద గుమ్మరించింది. ఓబుళేసు రెండోది గుమ్మరించాడు. మామ దోసిళ్లతో మట్టి చల్లాడు. తర్వాత అందరం కలిసి కారును తోశాం. ముందు చక్రాలు ఖాళీ తారు మీదికి వచ్చేసరికి కింద మంట చచ్చిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే గాలికి ఉలవలు అంటుకొని ఉన్నాయి. ఆ కొసనుంచి ఈ కొసకు మంట పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. గోనెసంచులతో కొట్టాం. కొట్టేకొద్దీ నిప్పురవ్వలు లేచి పక్క తీగ మీద పడ్డాయి. నీళ్లు లేవు.

నేను అరవకపోయి ఉంటే ఆ బిందెలు ఉలవల మీద పడేవి. గాలి పోయే వైపు తడిపి ఉంటే సగమైనా మిగిలేది. ఇది తర్వాత ఇంట్లో కూర్చొని ఆలోచించుకున్నది కాదు, ఆ నిమిషానే నాకు తెలిసింది. వాళ్లకూ తెలిసే ఉంటుంది. వాళ్లు నా ముఖం చూసి కారు వైపే పరుగెత్తారు.

లింగమ్మ బూడిదలోంచి ఒక గుప్పెడు తీసి చూసింది. గింజలు వేగిపోయాయి. ఆమె గట్టు మీద కూర్చొని నా వైపు చూసింది.

"పోనీలేప్పా. నీ కారు నిలబడింది" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

కారు స్టార్ట్ కాలేదు. కింద వైర్లు కాలాయి. మామ నన్ను పక్కకు పిలిచాడు. "అల్లుడూ, మీ నాయనకు నేనేమీ చెప్పను. మెకానిక్‌ను ఈడికే పిలిపిద్దాము. షెడ్డులో కింద బాగా నీళ్లు కొట్టించి, రేపు దాని కాళ్ల మీదనే తీసుకపోదువు" అన్నాడు. ఆయన గొంతులో నా మీద ప్రేమ తప్ప ఏమీ లేదు. నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. మెకానిక్ నంబరు కోసం ఫోను కూడా తీశాను.

అంతలో ఓబుళేసు ఊళ్లోంచి ఎవరిదో ట్రాక్టరు తీసుకొని వచ్చాడు. భుజం మీద తాడు ఉంది.

"రాప్పా. తాడిపత్రి దాకా లాగి వదిలిపెడతా. ఈడ ఎంతసేపని నిలబడుకుంటావు?"

పంట కాలిన మనిషి నా బండి కోసం తాడు తెచ్చాడు. వద్దు, మెకానిక్ వస్తాడని ఆయనకు చెప్పడానికి నా నోరు లేవలేదు. ఫోను జేబులో పెట్టి, తాడు కొస అందుకున్నాను.

తాడిపత్రి

మా ఊరికి వచ్చే దారంతా బండలు కోసే ఫ్యాక్టరీలు. రోడ్డు పక్కన తెల్లటి బూడిద, లారీలు. ఎర్ర కారు ట్రాక్టరు వెనకాల రావడం చూసి ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా మనుషులు బయటికి వచ్చారు. నేను స్టీరింగు పట్టుకొని తల దించుకున్నాను.

నాయన అంగడి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. తాడు చూశాడు, మామను చూశాడు, నన్ను చూశాడు. "నేను ముందే చెప్పినా కదరా" అంటాడని కాచుకున్నాను. ఆయన వచ్చి ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. చక్రం పైని సందులోకి వేళ్లు పెట్టి ఏదో తీశాడు. ధాన్యం వ్యాపారం చేసేవాళ్లకు ఉండే అలవాటే, ఒక గింజ పంటి కింద వేసుకున్నాడు.

"ఎవరివిరా ఈ ఉలవలు?" అన్నాడు.

చెప్పాను. ఓబుళేసు పక్కనే నిలబడి తాడు చుట్టుకుంటున్నాడు. నేను చెప్పేది అయిపోయేదాకా నాయన ఆయన్నే చూస్తూ ఉన్నాడు. తర్వాత ఆయన్ను అంగట్లోకి పిలిచి కూర్చోబెట్టాడు, అమ్మతో కాఫీ పెట్టించాడు. "ఇట్లాంటి నల్ల ఉలవ అంగడికొచ్చి శానా ఏండ్లయింది" అన్నాడు. అంగట్లో ఉన్న ఉలవ మూటలు ట్రాక్టరులో వేయించాడు. తినడానికి, అమ్ముకోవడానికి అవి పనికొస్తాయి. విత్తనానికి కాదని ఇద్దరికీ తెలుసు.

"మీ వాన్ని ఏమీ అనొద్దన్నా" అన్నాడు ఓబుళేసు పోయేముందు. "తొక్కించమనింది మేమే."

మర్నాడు నాయన కారు కింద పట్టలు పరిపించాడు. మెకానిక్ కారు ఎత్తి కింది రేకు విప్పితే, దాని పైన ఇరుక్కున్న కాయలు రాలాయి. మంట అక్కడిదాకా పోలేదు. నేను, మామ, అమ్మ కలిసి చక్రాల సందుల్లో, తలుపుల కింద, ప్రతి మూలా వెతికాం. అమ్మ తన పిన్నుతో గింజలు కెలికి తీసింది. వేగినవి, పగిలినవి ఏరేస్తే ఒక టీ గ్లాసు కూడా నిండలేదు. మామ అన్నట్టు షెడ్డులో నీళ్లు కొట్టించి ఉంటే అవీ కాలువలో పోయేవి. అది తలచుకొని మామ తలుపు చాటుకు పోయి కళ్లు తుడుచుకున్నాడు.

కారు ఆ వారంలోనే అమ్మేశాను. కొన్నవాళ్లు లారీ మీద ఎక్కించుకొని పోయారు. నేను బజారు మలుపు దాకా వెంట పోయాను.

మళ్లీ ఆ దారినే

గింజలు బట్టలో మూటగట్టుకొని, సామాను ఆటోలో ఆ పల్లెకు పోయాను. రోడ్డు మీద నల్లటి మచ్చ అలాగే ఉంది. దాని మీద నేను మెల్లగా పోయాను.

లింగమ్మ మూట విప్పి గింజలు అరచేతిలో పోసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. పొగ వాసన వచ్చినవి రెండు తీసి పారేసింది.

"ఎన్ని మొలుస్తాయక్కా?"

"మొలిస్తే ఇంటి ముందర ఈ చిన్న కయ్యకు చాలతాయి. తినకుండా, అమ్మకుండా మూడు నాలుగేండ్లు పెంచుకుంటే మల్ల చేనుకవుతాయి" అంది. అని, కొంగున కట్టుకుంది.

మూడు నాలుగేళ్లు. ఆ మధ్యలో ప్రతి యేడూ ఒక్క వానైనా పడాలి. మంచినీళ్లు ఇచ్చింది. తాగుతుంటే ఆ రోజు బిందెలు గుర్తొచ్చి సగం గ్లాసులోనే మిగిల్చాను.

ఆమె వాకిట్లోకి వచ్చి ఆటోను చూసింది, రోడ్డు అటూ ఇటూ చూసింది.

"ఎర్ర కారు యాడప్పా?"

"అమ్మేసినా అక్కా."

పంట కాలిన రోజు కూడా ఆమె ముఖం అలా పడిపోవడం నేను చూడలేదు.

"అయ్యో, ఎంత పని చేసినావు నాయనా! మేము నీళ్లు పోసి నిలబెట్టింది దేనికి? ఒక్క గింజ పగలకుండా తొక్కిందే అది" అంది.

ఆ కారు ఒకందుకు పనికొచ్చిందని చెప్పిన మనిషి నాకు ఆమె ఒక్కతే.